పట్టాల మీద పులిరాజు

అనగనగా రెండు అడవులు, నడుమ ఒక ఏరు. అవతలిది జింకల అడవి. ఇవతలి అడవిని పులిరాజు ఏలేవాడు. రాజు పరాయి మట్టి తొక్కకూడదు, సొంత మట్టి మీద తనవాళ్లను తినకూడదు. అది తాతల నాటి కట్టుబాటు. పాపం, పులిరాజు ఏటి చేపలతో సరిపెట్టుకునేవాడు.

ఇవతలి ఏదుపంది ముళ్లయ్యకు తెలివెక్కువ. ఆ తెలివంతా లాభం వైపే నడిచేదనుకోండి. జింకలను ఒప్పించి, వాళ్ల కొండ మీంచి ఏరు దాటించి దుంగల పట్టాలు వేశాడు. మోత బరువు తప్పుతుందని పట్టాలను నేరుగా తన బొరియలోకే దింపాడు. జింకలు బండిలో ఉసిరికాయలు నింపేవి. బండి వాలులో జర్రున దిగి వచ్చేది. బదులుగా ముళ్లయ్య ఉప్పురాళ్లు పంపేవాడు.

ఒకనాడు ముసలి జింక గంగిరి వచ్చింది. "ముళ్లయ్యన్నా, పొద్దుగూకే వేళ మా పిల్లలు ఏటికి దిగుతాయి. నిన్న ఒక పిల్ల కాలు బండి కింద నలిగింది. ఆ ఒక్క పూటా బండి ఆపు" అంది.

"పట్టాలు నావి. బండి ఆగదు" అన్నాడు ముళ్లయ్య.

జింకలు పట్టాలకు అడ్డంగా రాళ్లు పెట్టాయి. ముళ్లయ్య ఉడికిపోతూ పులిరాజు దగ్గరికి పరుగెత్తాడు.

"దొరా, పరాయి అడవిలో నా సొత్తు పాడవుతోంది. మీరే అడగాలి."

"నేను ఆ మట్టి తొక్కకూడదు కదా?"

"దుంగల మీద నడవండి దొరా. దుంగల మీద ఉన్నంతసేపు మట్టి తొక్కినట్టు కాదు."

పులిరాజు లేచి ఏటి మీది పట్టాల వైపు చూశాడు. "ఇన్నాళ్లూ నాకు తట్టలేదు సుమా" అన్నాడు మెల్లగా.

మొదటి సాయంత్రం పులిరాజు వెళ్లాడు. రాళ్లు తొలగిపోయాయి. ముళ్లయ్య మురిసిపోయాడు. రెండో సాయంత్రం బండి సగమే నిండి వచ్చింది. మూడో సాయంత్రం ఖాళీగా వచ్చింది. అడుగున ఒక చిన్న గిట్ట మాత్రం ఉంది.

మర్నాడు కొండెక్కి చూశాడు. జింక అన్నది లేదు. ఒక్క పిట్టా కూయడం లేదు. పట్టాల చివర పులిరాజు మూతి నాక్కుంటున్నాడు. నాలుగు కాళ్లూ దుంగల మీదే ఉన్నాయి.

"నీ తగాదా తీర్చేశాను" అన్నాడు.

"మరి బండి నింపేదెవరు దొరా?"

"అది నీ వ్యవహారం. అవునూ, ఈ పట్టాలు నీ ఇంట్లోకే కదూ దిగేది? అక్కడా నేను మట్టి తొక్కక్కర్లేదు. నీకు పిల్లలున్నారా?"

ముళ్లయ్య పడుతూ లేస్తూ ఇంటికి పరుగెత్తాడు. బొరియలోని దుంగలు పీకబోయాడు. తాను గట్టిగా పాతినవే, ఒక్కటీ కదల్లేదు. పిల్లలను వెనక్కి నెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. భయంతో ముళ్లన్నీ లేచి నిలుచున్నాయి.

పొద్దు గూకింది. కొండ మీద బండి చప్పుడు మొదలైంది. ఏరు దాటింది. గుమ్మం ముందు ఆగింది.

"నాన్నా, ఉసిరికాయలొచ్చాయా?" అని అడిగింది చిన్నపిల్ల.

నీతి: మన లాభం కోసం బలవంతుడికి పక్కవాడి ఇంటికి దారి చూపిస్తే, అదే దారిన అతను మన ఇంటికీ వస్తాడు.