పేరున్న గిన్నె

ఒకానొక కొండరాజ్యంలో మార్గశిరం వచ్చిందంటే చాలు, ముంతలో నీళ్ళు తెల్లారేసరికి రాయైపోయేవి. ఆ రాజ్యాన్ని ఏలే ప్రతాపదుర్జయుడికి మాత్రం చలి తెలియదు. పొగడ్తల వేడి చాలేది ఆయనకు.

ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి కోళ్ళు, రెండోది తన పేరు. కోట గోడ మీద పేరు, గొడుగు మీద పేరు, చివరికి చెప్పుల మీద కూడా పేరే. ఇక కోళ్ళు నీళ్ళు తాగే వెండి గిన్నెను వదులుతాడా? దాని మీదా పేరు చెక్కించి, వచ్చేపోయేవాళ్ళు చదువుకునేట్టు ముంగిట్లో పెట్టించాడు. పాపం, కోళ్ళకు చదువు రాదు. దాహం మాత్రం వేస్తుంది.

ఆ చలికాలం దాహంతో మూడు కోళ్ళు చచ్చాయి. రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోళ్ళను చూసుకునే ఓబులమ్మను సభకు పిలిపించాడు.

"నీళ్ళు పెట్టకుండా చంపుతున్నావా?"

"పెడుతూనే ఉన్నాను దొరా. వెండి గిన్నెలో పోసిన నీళ్ళు పోసినట్టే గడ్డకడుతున్నాయి. పెంటదిబ్బ లోపల వెచ్చగా ఉంటుంది. అందులో మట్టి మూకుడు పాతి పోస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. మా అమ్మ అట్లాగే చేసేది."

"నా కోళ్ళు దిబ్బ మీద తాగాలా? ఆ గిన్నె కదిలినా, ఇంకో కోడి చచ్చినా నువ్వు ఈ రాజ్యంలో ఉండవు."

అరవై ఏళ్ళ మనిషి. కొండ దిగితే నా అన్నవాళ్ళు లేరు. ఆ కోళ్ళే ఆమెకు బిడ్డలు. కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. చూసినవాళ్ళందరికీ జాలేసింది, కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? సభలో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. ఆ పని ఆయన నెత్తిన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున రాజు ఫలహారం చేస్తుంటే మిరియాల పొంగలి గొంతుకు అడ్డం పడింది. నీళ్ళడిగాడు. తిప్పన స్వయంగా రాజుగారి పేరున్న వెండి చెంబు అందించాడు. రాజు ఎత్తాడు, చుక్క రాలేదు. బోర్లించాడు. ఊహూఁ.

"ఏమిటిది తిప్పనా?" అన్నాడు దగ్గుతూ.

"ఏలినవారి చెంబే ప్రభూ. రాత్రంతా కోళ్ళ గిన్నె పక్కన ఉంచి తెచ్చాను. పేరు చదువుకుంటే దాహం తీరుతుందేమోనని."

"నీళ్ళేవీ?"

"పేరుకున్నాయి ప్రభూ. మీ పేరున్న చోట నీళ్ళు పేరుకోక ఏం చేస్తాయి?"

అంటూనే గోరువెచ్చని నీళ్ళు అందించాడు. రాజు గటగటా తాగి, కళ్ళు తుడుచుకుని, "గొంతు తడవకపోతే ఇంత బాధా?" అన్నాడు మెల్లగా.

తిప్పన కిటికీ తెరిచాడు. వెండి గిన్నెలో గడ్డకట్టిన నీళ్ళ మీద ఓ పుంజు దర్జాగా నిలబడి ఉంది. మిగతా కోళ్ళన్నీ దిబ్బలో పాతిన మూకుడు చుట్టూ చేరి ముక్కులెత్తి నీళ్ళు మింగుతున్నాయి.

"ఆ మూకుడు పాతింది నేనే ప్రభూ. ఓబులమ్మ తప్పేమీ లేదు."

"మరి నా పేరో?"

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నారు కదా. గొప్ప పేరు మీరుంచుకోండి. దిబ్బ కోళ్ళకిప్పించండి."

రాజు ఒక్క క్షణం ఉరిమి చూసి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. తన శాలువ తీసి తిప్పనకు కప్పాడు. ఓబులమ్మను పిలిపించాడు.

"తప్పు నాది ఓబులమ్మా. కోళ్ళను నీకు తెలిసినట్టు చూసుకో. ఈ గిన్నె నీకే."

ఓబులమ్మ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఏం పోసుకోను దొరా? ఏది పోసినా పేరుకుంటుంది కదా."

"నెయ్యి పోసుకో. అది పేరుకుంటే ఎవరూ చావరు," అన్నాడు రాజు.

ఆ నెయ్యి కూడా కోట నుంచే పంపించాడు లెండి.