బస్తాకో బిళ్ల

దర్గాలో అన్నం వండించే బాధ్యత చేతికొచ్చినప్పటి నుంచి జలీల్‌కి ఒకటే బెంగ, చెల్లని బిళ్లలు.

అవి దొరల రోజులు. భీమిలి రేవులో చిల్లరకి కరువు. కొట్లవాళ్లూ మిల్లులవాళ్లూ తమ గుర్తు వేసి ఇత్తడి బిళ్లలు కొట్టించి, దమ్మిడీలకి బదులు చేతుల్లో పెట్టేవారు. ఇచ్చినవాడి వ్యాపారం నిలిచినన్నాళ్లే వాటికి విలువ. అది మూతపడితే వట్టి ఇత్తడి ముక్కలు. అలాంటివి హుండీలో కనబడితే జలీల్‌కి ఒళ్లు మండేది.

"దేవుడి దగ్గర కూడా మోసమేనా బాబా!" అనేవాడు తన గురువు నూరుల్లా షాతో.



ఉరుసు నాటి పొద్దున, పెద్ద డేగిశాలో ఎసరు పెడుతుండగా ఒకామె వచ్చింది. పేరు ఎర్రయ్యమ్మ. కొంగుముడి విప్పి ఓ బిళ్ల తీసి జలీల్ చేతిలో పెట్టింది.

"మా ఇంటాయన రంగంలో సంపాయించింది బాబూ. రేవు కాడ ఓడలోకి బియ్యం బస్తాలు మోసేవోడు. బస్తాకో బిళ్ల. ఆడనే జొరమొచ్చి పోనాడు. తోటోళ్లు ఇదొక్కటే తెచ్చిచ్చినారు. ఆ మనిసి పేరు మీద నాలుగు మెతుకులు ఎవలి నోట్లోనన్నా పడితే సాలు."

రంగం అంటే రంగూన్. జలీల్ బిళ్లని అటూ ఇటూ తిప్పి, దాని మీది మిల్లు గుర్తు చూశాడు.

"ఆ మిల్లు ఎత్తేశారమ్మా. ఇది ఇక్కడే కాదు, రంగూన్‌లో కూడా చెల్లదు" అని తిరిగి ఇచ్చేశాడు. "మధ్యాహ్నం రా. కడుపునిండా తిని వెళ్దువుగాని."

"తినడానికి రానేదు బాబూ" అందామె. మళ్లీ కొంగున కట్టుకోబోయింది.

గడప మీద కూర్చున్న నూరుల్లా షా లేచి వచ్చి చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వు తల్లీ."

బిళ్ల అందుకుని జలీల్ వైపు తిరిగారు. వాకిట్లో బియ్యం బండి ఆగి ఉంది.

"ఓ బస్తా లోపలికి తీసుకురా నాయనా."

"బండివాడు దించుతాడు కదా బాబా."

"వాణ్ణి కూర్చోనీ. నువ్వు తే."

జలీల్ ఎప్పుడూ బరువు మోసినవాడు కాదు. బండివాడు బస్తాని వీపు మీదికి ఎత్తగానే కళ్లు బైర్లు కమ్మాయి. గోనె మెడని రంపంలా కోసింది. ఎలాగో పొయ్యి దాకా వచ్చి, బస్తాతో పాటు తనూ కూలబడ్డాడు.

నూరుల్లా షా పక్కనే కూర్చుని, తన దుప్పటి చెంగుతో అతని మెడ మీది చెమట మెల్లగా అద్దారు. తర్వాత అతని అరచేతిని తెరిచి బిళ్ల పెట్టారు.

"ఇదిగో నాయనా, నీ బస్తాకి."

జలీల్ లేచి బస్తా మూతి విప్పి, ఎర్రయ్యమ్మని పొయ్యి దగ్గరికి పిలిచాడు.

"మొదటి దోసెడు నువ్వే పొయ్యమ్మా. ఆయన పేరు చెప్పు, దువా చేద్దాం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు ఏనాడూ పైకి అన్న మనిషి కాదు.

జలీల్ తొందరపెట్టలేదు. ఎసరు కాగుతూనే ఉంది.

"సూరప్పడు" అంది చివరికి, ఆ ఎసరు చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా.

జలీల్‌కి వినబడింది.