రాజుగారి భగందరం

వెనకటికి నందికోన రాజ్యాన్ని వీరకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు భగందరం పుట్టింది. మలద్వారం పక్కన చిన్న పుండు లేచి, లోపలిదాకా దారి చేసుకుని, ఎప్పుడూ చీము కారుతుండేది. కూర్చోలేక రాజు నిలబడే కొలువు తీర్చేవాడు.

ఇద్దరు వైద్యులు వచ్చారు. ఆ దారిని కత్తితో కోసి తెరిస్తే త్వరగా మానుతుందన్నాడు భీమనారాధ్యుడు. మందు పూసిన దారం దాని గుండా దూర్చి, వారం వారం మారుస్తూ పోతే నెమ్మదిగా తెగుతూ మానుతుందన్నాడు నంబి పెద్దయ్య. పుండు చూపించమంటే మాత్రం రాజుకు కోపం వచ్చింది. తన వెనుక భాగం చూసే అర్హత ఎవరికీ లేదని, నాడి పట్టుకుని తేల్చమని గద్దించాడు. వాదం ఎంతకీ తెగలేదు.

చివరికి రాజు ఆజ్ఞ ఇచ్చాడు. "మన బోయీల్లో ఇద్దరిని పట్టుకురండి. ఒకడికి కత్తి, ఒకడికి దారం. ఎవడు ముందు కోలుకుంటే ఆ వైద్యం మాకు."

సభలో గుసగుసలు రేగాయి. ఏ రోగమూ లేని మనుషులను కోయడమా? పల్లకీ మోసే తిప్పణ్ణి, పోలయ్యను భటులు గుమ్మం దగ్గరికి లాక్కొచ్చారు.

ఆస్థానంలో మాచన అనే చమత్కారి ఉన్నాడు. బోయీలిద్దరి బదులు రెండు వైద్యాలకూ తననే కోయమని అతను ముందుకొచ్చాడు. రాజు సరేనన్నాడు.

"ఒక్క మనవి, ప్రభూ. నాకు భగందరం లేదు కనుక ముందు పుట్టించాలి. అది అచ్చం తమరిదానిలాగే ఉండకపోతే పరీక్ష చెల్లదు. వైద్యులు తమరిది చూసి నాకు తవ్వాలి. తేడా రాలేదని సభవారు సరిచూడాలి."

రాజు దిమ్మెరపోయాడు. "సభలో మమ్మల్ని పంచె విప్పమంటావా?"

"సభ వద్దంటే తెరచాటున వైద్యులిద్దరే చూస్తారు. కాని వాళ్లు చూశాక ఇక నాతో పనేముంటుంది, ప్రభూ?"

రాజు తెర కట్టమన్నాడు.

భీమనారాధ్యుడు తల వంచుకుని బయటికొచ్చాడు. "పైపైన ఉంటే కత్తే మేలు. ఇది మలాన్ని పట్టి ఉంచే కండరం గుండా పోయింది. నేను కోసి ఉంటే ప్రభువులకు ఆ పట్టు తప్పేది. దారమే మంచిది."

తెర వెనుక రాజుకు చెమటలు పట్టాయి.

దారంతో మానడానికి నెలలు పట్టింది. కోలుకున్నాక రాజు బోయీలిద్దరికీ భూములిచ్చి, మాచనకు తన చేతి కడియం తొడిగాడు.

"ఆ రోజు సభలోనే చూపించడానికి మేము ఒప్పుకుని ఉంటే ఏం చేసేవాడివి?"

"గట్టిగా కళ్లు మూసుకునేవాణ్ణి, ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వినా నొప్పి లేదు.