పొదిగినందుకు కూలి

ముత్తెమ్మ అనే కోడిపెట్టకి మూడేళ్లు. ఏ గింజనైనా కాలితో అటూ ఇటూ దొర్లించి చూశాకే నోట పెడుతుంది. దొడ్డి వెనక గడ్డివాము నీడన నక్క మాస్టారు నడిపే వ్యాపారం బడిలో మొదటి స్థానం ఆమెదే. బాతులకీ మేకలకీ పాఠం తలకెక్కకపోతే తనే విసుక్కుంటూ మళ్లీ చెప్పేది.

చివరి పరీక్షలో ఒక్కొక్కరూ తాము పెట్టబోయే వ్యాపారం చెప్పాలి. బాతులు గుడ్లు పెడతాయిగానీ ఓపిగ్గా పొదగవు, ఆ గుడ్లు తాను పొదిగిపెట్టి పిల్లకింతని చిన్నచేపలు తీసుకుంటానంది ముత్తెమ్మ. మాస్టారు ఖర్చులడిగాడు. గంప, గడ్డి, తవుడు అని చెప్పింది.

"మరి కూర్చోవడమో?" వెనక నుంచి బాతు పోలమ్మ అడిగింది.

"అదేం ఖర్చు వదినా? మా అమ్మ కూర్చోలేదా, మా అమ్మమ్మ కూర్చోలేదా? వాళ్లకెవరైనా కూలిచ్చారా?"

తరగతంతా నవ్వింది. మాస్టారు ముచ్చటపడి, ఆ మూడూ తానే తెస్తానన్నాడు. వాటాలు మాత్రం ఎవరి ఖర్చుని బట్టి వాళ్లకి. పాఠంలో ఉన్న మాటే కదా అని ముత్తెమ్మ తలూపింది.

బాతుగుడ్ల మీద కోడిగుడ్లకంటే వారం ఎక్కువే కూర్చోవాలి. ముత్తెమ్మ మేతకి సరిగా లేవలేదు, వానకి కదల్లేదు. రొమ్ము ఈకలు రాలి చర్మం బయటపడింది. గుడ్లన్నీ పిల్లలయ్యాయి. బాతులు సంతోషంగా చేపలు తెచ్చి కుప్ప పోశాయి. మాస్టారు కుప్పంతా తనవైపు లాక్కున్నాడు.

"నా వాటా, మాస్టారూ?"

"నువ్వు పెట్టిన ఖర్చేదమ్మా?"

"కూర్చున్నాను కదండీ."

"అది ఖర్చు కాదన్నది నువ్వే. నేనన్నానా?"

పక్కనే ఉన్న పోలమ్మ తల తిప్పుకుని తన పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. ముత్తెమ్మ బోసిపోయిన రొమ్ముని రెక్కతో కప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటిదారి పట్టింది.

చేపలు కుళ్లిపోయాయని మొగుడు పుంజుతో అబద్ధమాడింది.

"పోనీలే, నువ్వు చేసిందేముంది, ఊరికే కూర్చున్నావు," అన్నాడు పుంజు.

అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆ మాట ముందుగా, అందరూ వినేలా అన్నది తనే.

ఒళ్లు అరగదీసుకున్న పనికి మనమే సున్నా వేసుకుంటే, పక్కవాడు దాన్ని దిద్దడు.

మరుసటి ఏడాది ముత్తెమ్మ చేపలు ముందే తీసుకుని, కడుపునిండా తిని, ఆ తర్వాతే పోలమ్మ గుడ్ల మీద కూర్చుంది.