మంత్రిగారి చిటికెన వేలు

మీ అమ్మాయి బడికెళ్లే రోజు మంచినీళ్లు ఎందుకు ముట్టుకోదో ఎప్పుడైనా అడిగారా?

పూర్వం ఒక రాజ్యంలో, పిల్లలు చదువు ఎగ్గొట్టడానికే మాటిమాటికీ బయటికి పోతున్నారని మంత్రి దండపాణి తేల్చేశాడు. సాయంత్రం గంట కొట్టేదాకా ఎవరూ లేవకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. దాంతో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, నీళ్లు తాగడమే మానేశారు. మజ్జిగ అమ్ముకునే గవరమ్మ కూతురైతే బడిలోనే సొమ్మసిల్లి పడిపోయింది.

మంత్రి బడి చూడ్డానికి వచ్చిన రోజు గవరమ్మ ఎదురెళ్లి మొరపెట్టుకుంది.

"కూర్చోవడం కూడా కష్టమేనా? నేను రోజంతా కూర్చోగలను!" అన్నాడు మంత్రి.

"మీరంతటోళ్లే బాబూ! ఈ పూట పిల్లల మధ్య కూర్చుని చూపించండి, మిమ్మల్ని చూసి వాళ్లు బుద్ధి తెచ్చుకుంటారు. ఎండన పడొచ్చారు, ముందు కాస్త మజ్జిగ పుచ్చుకోండి."

పొంగిపోయిన మంత్రి ముంత మీద ముంత తాగి చాప మీద చతికిలబడ్డాడు. కాసేపటికి మెలికలు తిరగడం మొదలెట్టాడు. లేస్తే మాట పోతుంది. చివరికి బడిపిల్లాడిలా చిటికెన వేలు పైకెత్తాడు.

పంతులు చేతులు జోడించాడు. "ఇంకా గంట కొట్టలేదండీ! మిమ్మల్ని పంపితే మీరే నా ఉద్యోగం తీసేస్తారు!"

"ఆజ్ఞ రద్దయ్యా, రద్దు!"

"మీ ఒక్కరికేనా, పిల్లలందరికీనా బాబూ?" అంది గవరమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అందరికీ! తప్పుకో తల్లీ!"

అమ్మలారా, అయ్యలారా, ఆ ఆజ్ఞ ఇప్పుడు లేకపోయినా, సరైన మరుగుదొడ్డి లేని బళ్లలో ఆడపిల్లలు ఇంకా నీళ్లు మానేస్తూనే ఉన్నారు. రేపే మీ పిల్లల బడికి వెళ్లండి. ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. లేకపోతే కట్టించేదాకా ఊరుకోకండి.