చప్పిడి లింగన్న ఉప్పు మానిన వైనం

సముద్రానికి కూతవేటు దూరంలో, ఉప్పుమడుల నడుమ వెలసిన పర్రపాలెం క్షేత్రానికి విచ్చేసే భక్తులు ముందుగా ఒక్క సంగతి గ్రహించవలెను. ఇచ్చటి గాలిలో ఎంత ఉప్పంటే, ఉదయం వచ్చి నిలుచున్న మనిషి సాయంత్రానికి ఊరగాయ అవుతాడు. అటువంటి ఊళ్ళో లింగేశ్వరస్వామివారి పులగం మాత్రం చప్పగా ఉంటుంది. వంటవాడు మరచిపోయాడని గొడవ చేయరాదు. అలా చేసినవారు ఇప్పటికి లక్షమంది.

పూర్వం ఇక్కడ తలుపులమ్మ అనే ఆమె ఉప్పుమడి చేసుకుని బతికేది. ఏటా మడిలో తేలిన తొలి ఉప్పును దోసిట పట్టి స్వామి వంటకు తెచ్చేది ఆమే. ఒక కార్తికంలో ఉప్పెన వచ్చింది. పద్నాలుగు తాడిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత అల. ఆమె పిల్లలు ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆఖరిది ఇంకా పాలు మరవలేదు. గుడి గడప మాత్రం తడవలేదు.

అర్చకుడు విస్సన్న పంతులు పొంగిపోయాడు. ఆయన గొంతెత్తితే కాశీలో కాకులు లేచేవి. "స్వామి తన కోవెలను తానే కాచుకున్నాడు!" అని చాటి, నీరు తీసిన తొమ్మిదో నాడే మహిమోత్సవం తలపెట్టాడు. మేళం మొదలైంది. తలుపులమ్మ వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఏటి పంతులుగారూ, తన ఇల్లు కాచుకున్నాడా? అయితే కాయడం వచ్చన్నమాట. నా గుడిసె ఇక్కడికి కనబడుతూనే ఉంటుంది కదా, చెయ్యి చాలలేదా?"

"పూర్వజన్మ కర్మ, తల్లీ."

"పాలు తాగే పిల్ల! పోయిన జన్మలో ఏ ఊళ్ళు తగలబెట్టిందో పేర్లు చెప్పండి."

"స్వామి నిన్ను పరీక్షిస్తున్నాడు."

"పరీక్ష నాకైతే ముంచాల్సింది నన్ను."

ఊరి వైద్యుడు బైరాగినాయుడు జాలిపడి, "దేవుడూ లేడు, మహిమా లేదు అక్కా. గుడి మెరక మీదుంది, నీ ఇల్లు పల్లంలో ఉంది. అంతే" అన్నాడు.

"నీ మాటే నిజమేమో తమ్ముడూ. కాని నీళ్ళను తిడితే నీళ్ళకు సిగ్గుండదు. వీడికి ఉండాలి కదా!" అని ఆమె లింగం వైపు తిరిగింది. "ఈ మేళం ఆపించు. ఆపలేకపోతే నువ్వు లేనట్టే. ఉండి కూడా ఆపకపోతే, లేకపోవడమే నయం!"

ఏడు పగళ్ళు తిట్టింది. ఆ తిట్లకు ధ్వజస్తంభం రంగు వెలిసిపోయింది. ఆమెను దాటి ఉత్సవం బయలుదేరదీయడానికి ఎవరికీ కాళ్ళాడలేదు.

ఎనిమిదో నాటి మధ్యాహ్నం పంతులుకు కునుకు పట్టగా స్వామి కనిపించాడు. "నా తరఫున జవాబులు చెప్పమని నిన్నెవరు అడిగారు? ఆ తల్లి ప్రశ్నకు నా దగ్గరే జవాబు లేదు. ఆమె పిల్లలు పోయిన ఊళ్ళో నా గోడలు నిలిచినందుకు సంబరమా? ఇకపై ఆమె ఉప్పు తినే మొహం నాకు లేదు."

పంతులు ఉలిక్కిపడి లేచి, మేళగాళ్ళను పంపేసి, ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. ఈసారి నోరు తెరవలేదు.

ఆమె స్వామిని క్షమించిందా అని భక్తులు అడుగుతుంటారు. లేదు. నూట ఇరవై ఏళ్ళు బతికి, రోజూ వచ్చి తిట్టి వెళ్ళేది.

నేటికీ బిడ్డను పోగొట్టుకున్న తల్లికే ఇచ్చట తొలి దర్శనం. ఆమె తిట్టదలచినంతసేపు గడపలో కూర్చుని తిట్టవచ్చును. అర్చకుడు పక్కన కూర్చుని వినవలెను. కర్మ అన్నాడా, ఆ పూట వానికి గర్భగుడిలో ప్రవేశం లేదు. పోయిన బిడ్డ తిరిగి వచ్చునని ఈ క్షేత్రం పేరిట ఎవరైనా చెబితే చెప్పు చూపండి. స్వామి అనుగ్రహం ఒక్కటే: తల్లి మాట ముగిసేవరకు ఆయన హారతి అందుకోడు. మొన్న మాఘంలో ఒకావిడ పొద్దు గూకేదాకా తిట్టింది. ఎవరూ లెమ్మనలేదు.