గంటాలు తిరగేయించిన మిషను

అనగనగా ఒక కాలవ గట్టు. గట్టు పొడవునా మూడు పచ్చిక తోటలు. మూడు తోటలకీ కలిపి ఒకటే గడ్డి కోసే మిషను. అది ఏ కాలమో ఎవరూ చెప్పలేరు. కథ మాత్రం అందరికీ తెలుసు. వరస తప్పిపోకుండా చెప్పేస్తాను, వినండి.

ఆ తోటల్లో పెరిగిన పచ్చికని చాపల్లా కోసి, చుట్టలు చుట్టి, బళ్ళ మీద పట్నం పంపేవారు. పట్నంలో మేడల ముందు దాన్ని పరుచుకునేవారు. పచ్చిక దువ్వినట్టు సమంగా ఉంటేనే బేరం. అందుకని మిషను ఒక వారం ఒకటో తోటలో, ఒక వారం రెండో తోటలో, ఒక వారం మూడో తోటలో తిరిగేది.

మిషను తోసేవాడు దొరబాబు. రోజూ దాన్ని తుడిచేవాడు, బొట్టు పెట్టేవాడు, బంతిపూల దండ వేసేవాడు. మిషను పెళ్ళికొడుకులా మెరిసిపోయేది.

మూడు తోటల్లోనూ కలుపు తీసేది గంటాలు. ముసలిది. నా అన్నవాళ్ళు లేరు. మూడో తోట మూల చిన్న పాక, అదొక్కటే ఆవిడ ఆస్తి. చెప్పులు ఎరగని కాళ్ళు.

ఒక వానాకాలం ఒకటో తోటలో పళ్ళెమంత మచ్చలు లేచాయి. ముందు పసుపు, ఆ తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత కుళ్ళు. పై వారం రెండో తోటలో అవే మచ్చలు. ఇక మిగిలింది మూడో తోట.

తోటల ఆసాములు ముగ్గురూ కూచుని ఆలోచించారు. మూడు తోటల్లోనూ తిరిగేది ఎవరు? గంటాలు. బురద కాళ్ళతో తిరిగేది ఎవరు? గంటాలు. అయితే తెగులు తెచ్చేది ఎవరు? గంటాలే. మూడో తోట ఆసామి అబ్బులుగారు పాక దగ్గరికి వచ్చి, సోమవారం మిషను వచ్చేలోగా పాక ఖాళీ చేసి పొమ్మన్నారు.

ఎక్కడికి పోతుంది? గంటాలు ఏడవలేదు, రాత్రంతా ఆలోచించింది.

సోమవారం పొద్దున్నే దొరబాబు మిషను తోసుకుంటూ వచ్చాడు. చూస్తే గేటుకి అడ్డంగా గంటాలు! మూట లేదు, ముంత లేదు. చేతులు చాపి నిలబడింది.

దొరబాబు తప్పుకోమన్నాడు. తప్పుకోలేదు. మిషను మీదికి తోస్తానన్నాడు. కదల్లేదు. ఆసాముల్ని పిలుస్తానన్నాడు. పిలవమంది. ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు.

"అబ్బులుగారూ, నా పాక మీ తోటలోనే ఉందండి" అంది గంటాలు. "ఒకటో తోటలో తొక్కిన కాళ్ళతోనే వచ్చి ఇక్కడ పడుకుంటున్నాను. తెగులు నా కాళ్ళతో వస్తే ముందు మీ తోటకి రావాలి కదండీ. రెండో తోటకెందుకెళ్ళింది? ఒకటో తోట నుంచి రెండో తోటకి సూటిగా వెళ్ళిందెవరు?"

అందరూ మిషను వైపు చూశారు. దొరబాబుకి ఒళ్ళు మండిపోయింది.

"గడ్డి పీకే ముసలీ, నా మిషనుకి వంక పెడతావా? నీ మొహం కన్నా శుభ్రంగా ఉంటుంది."

"పైన నా మొహం కన్నా బాగుందిరా అబ్బాయ్. ఒకసారి దాని కడుపు చూపించు."

కడుపా? కొన్న నాటి నుంచీ దాన్ని తిరగేసినవాడే లేడు. అబ్బులుగారు సరేనన్నారు. మిషను ఉన్నట్టుండి తిరిగితే చేతులు తెగుతాయని, ముందు ప్లగ్గు వైరు పీకించారు. పెట్రోలు ఒంపేశారు. ముగ్గురు పట్టి మిషనుని పక్కకి ఒరిగించారు.

అప్పుడు కొట్టింది వాసన! బ్లేడు తిరిగే చోట, బోర్లించిన మూకుడు లాంటి ఇనప డొప్ప ఉంటుంది. ఆ డొప్ప నిండా జానెడు మందాన గడ్డి అట్ట కట్టింది. నల్లగా కుళ్ళి, తెల్లగా బూజు పట్టింది. మచ్చల్లో వచ్చే వాసనే అది. ముగ్గురు ఆసాములూ కండువాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

అయినా ఒకటో తోట ఆసామి ఒప్పుకోలేదు. వాసన ఉంటే తెగులున్నట్టేనా అన్నాడు.

గంటాలు మచ్చ లేని మూడో తోటలోంచి మూడు పచ్చిక చాపలు కోయించింది. మొదటి దాని మీద ఆ కుళ్ళు రాయించింది. రెండో దాన్ని ఒకటో తోట బురద అంటిన తన కాళ్ళతో తొక్కింది. మూడో దాన్ని అలాగే వదిలేసింది. మూడింటినీ ఎడంగా పెట్టి, తడి గోనెలు కప్పారు. మూడు రోజులు చూద్దామన్నారు. అన్నాళ్ళూ మిషను గేటు బయటే, గంటాలు మూట కట్టకుండానే.

మొదటి రోజు గోనెలు ఎత్తారు. ఏమీ లేదు. రెండో రోజు ఎత్తారు. ఏమీ లేదు. దొరబాబు ఈల వేసుకుంటూ తిరిగాడు. మూడో రోజు గట్టు మీద నిలబడ్డానికి చోటు లేదు, అంత జనం.

గోనెలు ఎత్తారు. వదిలేసిన చాప పచ్చగా ఉంది. గంటాలు తొక్కిన చాప పచ్చగా ఉంది. కుళ్ళు రాసిన చాప మీద, నట్టనడుమ, గుండ్రంగా, పసుపు మచ్చ!

అబ్బులుగారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "పాక నీదే గంటాలూ" అన్నారు. "మిషను ఏం చెయ్యమంటావో చెప్పు."

గంటాలు కొబ్బరి చిప్ప ముక్క తీసుకుని డొప్ప గీకింది. ఇనుముతో గీకితే గాట్లు పడి, వాటిలో మళ్ళీ గడ్డి పట్టుకుంటుందని చెప్పింది. గీకిందంతా దూరంగా గొయ్యి తీసి పూడ్పించింది. మూడు కడవల నీళ్ళతో కడిగింది. ఎండలో ఆరబెట్టింది. వేపనూనె పల్చగా రాసింది. "మనం ఇంట్లోకొచ్చే ముందు కాళ్ళు కడుక్కోమూ? ఇదీ అంతే" అంది. మర్నాడు ఆ పని చెయ్యడానికి దొరబాబే చిప్ప పట్టుకుని కూచున్నాడు. మూడో తోటకి ఆ ఏడు మచ్చ రాలేదు.

గంటాలు పోయి ఎన్ని తరాలయిందో. ఇప్పటికీ ఆ గట్టు మీద ప్రతి తోట గేటు దగ్గరా ఒక రాయి పరిచి ఉంటుంది. దాన్ని గంటాలు రాయి అంటారు. వైరు పీకి, మిషనుని ఆ రాయి మీద ఒరిగించి, డొప్ప గీకి, మూడు కడవలు పోశాకే లోపలికి తోస్తారు.

ఇంకో అలవాటు కూడా ఉంది, అదీ మర్చిపోకుండా చెప్పాలి. ఆ ఊళ్ళలో ఏదైనా పోయినా, పాడైనా, పనిలోకొచ్చే ఆడమనిషి మీదో దిక్కులేని వాళ్ళ మీదో ఎవరైనా వేలు చూపిస్తే, పక్కనున్న పెద్దవాళ్ళు ఊరుకోరు.

"ఆగండి. ముందు మిషను తిరగెయ్యండి" అంటారు.